రెస్ట్ అని రాసినందుకు

అక్కా,

బాగున్నావా? నువ్వు పోయి పదకొండు నెలలు దాటింది. వచ్చే నెల సంవత్సరీకం.

ఇన్ని నెలల్లో నీతో ఒక్క మాట మాట్లాడలేదు నేను. రోజూ నీ ఫొటో ముందు దీపం పెడతాను, పూలు మారుస్తాను, బెల్లం కొట్టిన రాయిలా కాసేపు నిలబడి షాపుకు వెళ్లిపోతాను. పోయినవాళ్లతో అందరూ ఏదో ఒకటి చెప్పుకుంటారు, నీకేమైంది అని నీ మరదలు చాలాసార్లు అడిగింది.

ఏమని చెప్పను? నువ్వు పెట్టిన షరతు అలాంటిది. "సుజాతకు మొకం మీద చెప్పేదాంక నాతోని మాట్లాడకు" అన్నావు. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు ఆ షరతును ఖాతరు చేయలేదు. నువ్వు పోయాక మాత్రం దాటలేకపోయాను... విచిత్రం కదా?

శనివారం చెప్పేశాను అక్కా. అందుకే ఈ ఉత్తరం.

ఆ సంగతికి వస్తాను. ముందు నీకు కావలసిన కబుర్లు చెప్పాలి, లేకపోతే నువ్వు ఊరుకోవు. పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లను కూడా స్కోరెంతైంది అని అడిగిన మనిషివి.

మన ఇండియా అమ్మాయిల హాకీ టీమ్ ఫరవాలేదు. బంతిని ఆపకముందే గోలుకు కొట్టేసే ఫార్వర్డ్ ఒకామె ఉండేది కదా, నువ్వు తొందరమ్మ అని పేరు పెట్టావు. "ఈమె పొయ్యి ముట్టియ్యకముందే అన్నం వడ్డిస్తది" అనేదానివి. ఆమె మారింది. మొన్నొక మ్యాచ్‌లో గోలు ముందు ఒంటరిగా దొరికింది. కొట్టేస్తుందనుకున్నాను. ఆగింది, తల ఎత్తి చూసింది, పక్కనున్న అమ్మాయికి ఇచ్చింది. గోలు! ఆమె విషయంలో నీ అంచనా తప్పింది. ఒప్పుకుంటావా? ఒప్పుకోవు. నేను తిట్టబట్టే మారిందంటావు.

కోచ్‌ను మార్చారు. మళ్లీ. "కోచ్‌ను మారిస్తే గోల్‌పోస్టు నడుసుకుంట దగ్గరికొస్తదారా?" అని నువ్వు అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. చివరి నిమిషాల్లో వెనకబడి ఉంటే కీపర్‌ను బయటికి పిలిచి, బదులుగా ఇంకో ఫార్వర్డ్‌ను పంపే పద్ధతి కూడా అలాగే ఉంది. "ఇంటి తలుపులు బార్లా తెరిచిపెట్టి, ఊర్ల దొంగలను పట్టనీకి పోతరా?" అని టీవీ మీద అరిచేదానివి. మొన్న కూడా తలుపు తెరిచారు. దొంగలు వచ్చారు. రెండు గోల్స్ తిన్నాం.

ఇంకొకటి... ఇది చెప్పడానికి మనసొప్పడం లేదు. నువ్వు లెక్కల టీచర్ అని పేరు పెట్టినామెను తీసేశారు. బంతి స్టిక్కు దగ్గరికి రాకముందే ఎవరు ఎక్కడున్నారో లెక్క కట్టుకునే ఆ సెంటర్ హాఫ్‌నే. పోయిన వారం పేపర్లో వచ్చింది. సీనియర్ క్రీడాకారిణికి విశ్రాంతి, అని.

ఆ మాట చదివి, అలవాటు చొప్పున పేపరు దించి ముందుగది వైపు చూశాను. నువ్వు అరుస్తావని. "అలిసిపోయిన్నని ఆమె చెప్పిందా? తీసేసినమని రాయనీకి మీ చేతులకేమైంది?" అని.

ముందుగదిలో ఫ్యాను తిరుగుతోంది. అంతే... అరుపు రాలేదు.

నీకు మాటలంటే అంత పట్టుదల ఎక్కడిది అక్కా? నాంపల్లి కోర్టు ఎదురుగా వకీలు ఆఫీసులో ముప్పై ఏళ్లు టైపు కొట్టావు, అక్కడిదేనేమో. "ఒక్క మాట తప్పు కొడితే సాక్షి ముద్దాయి అయితడు బిడ్డా" అనేదానివి. ఆట చూడటంలోనూ అంతే. అందరం బంతిని చూస్తుంటే నువ్వు బెంచీని చూసేదానివి. "బయటికొచ్చిన పిల్లకు నీళ్లు ఎవలిస్తున్రో చూడు. గాడ తెలుస్తది టీం సంగతి, స్కోర్ల కాదు."

నేను స్కోరే చూశాను. అదే నా తప్పు.

మన క్లబ్ అమ్మాయిల టీమ్‌కు నన్ను మేనేజర్‌ను చేసింది నువ్వే. మేనేజర్ అంటే ఏముంది... మ్యాచ్‌కు ఆటోలు మాట్లాడటం, అరటిపండ్లు కొనడం, నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజుల్లో నాంపల్లి రద్దీ తప్పించి ఇంకో గ్రౌండ్ వెతకడం, ఆడేవాళ్ల లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఆబిడ్స్‌లో కళ్లద్దాల షాపు నడుపుకునేవాడికి ఇది చాలా పెద్ద పదవే అని మురిసిపోయాను కూడా.

ఆ రోజు సెమీఫైనల్లో సుజాత నాలుగు గోల్స్ తింది. తర్వాతి మ్యాచ్ నుంచి వేరే కీపర్‌ను పెడదామన్నారు కోచ్ సార్. ఆమెకు మీరు చెప్పండి అని నా మీద పెట్టారు. సుజాత ఆరేళ్లుగా టీమ్‌కు కీపర్. బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పని చేస్తూ, తెల్లారకముందే ప్యాడ్లు మోసుకుంటూ వచ్చే పిల్ల. ఆమె ఎదురుగా నిలబడి నిన్ను తీసేశాం అని ఎట్లా అనేది?

అనలేదు. లిస్టులో ఆమె పేరు పక్కన రెస్ట్ అని రాసి గ్రూపులో పెట్టాను. మర్యాదగా ఉందనుకున్నాను. ఎవరూ నొచ్చుకోకుండా పని జరిగిపోయిందనుకున్నాను.

నువ్వు నా ఫోన్ లాక్కుని చదివావు. నీ ముఖం నాకింకా గుర్తుంది. "రెండు గోల్స్ కీపర్‌వి, రెండు మీ ఇద్దరు బ్యాక్‌లవి. మరి ముగ్గురికి రాయాలె గద రెస్టు? రేపు పొద్దుగాల పోయి ఆమెకు చెప్పు. ఎందుకు తీసిన్రో చెప్పు, ఏం నేర్చుకుంటే మళ్ల వస్తదో చెప్పు." నేను చూద్దాంలే అక్కా అన్నాను. దానికి నువ్వేమన్నావో తెలుసా? "ఊరందరికి అద్దాలమ్ముతవ్. నువ్వు మాత్రం సూద్దాం సూద్దాం అనుకుంటనే కండ్లు మూసుకుంటవ్."

తర్వాత ఆ షరతు పెట్టావు.

పద్దెనిమిది రోజులు. ఒకే ఇంట్లో ఉండి పద్దెనిమిది రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. నాకు చెప్పాల్సినవన్నీ టీవీకి చెప్పేదానివి. "ఔ, తీసెయ్యుండ్రి! తీసి, రెస్టని రాయుండ్రి! మా ఇంట్ల కూడ ఒక మేనేజరున్నడు, గాయన దగ్గర నేర్చుకోండ్రి!" వంటింట్లో నీ మరదలు నవ్వాపుకోలేకపోయేది. నేను మాత్రం మొండికేశాను. నా పనిలో ఈమె పెత్తనమేంటని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

పంతొమ్మిదో రోజు నీకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానలో చేర్చాం. సాయంత్రానికి కాస్త తేరుకున్నావు. నర్సమ్మ వచ్చి సెలైన్ సరిచేసి, అమ్మా మీరు రెస్ట్ తీసుకోండి అంది.

నువ్వు తల తిప్పి నా వైపు చూశావు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నేరుగా నాతోనే అన్నావు.

"చూస్తివా... నన్ను గూడ టీంల నుంచి తీసేసిన్రు."

నవ్వావు. నేనూ నవ్వాను. ఏడుపు కూడా వచ్చింది, కానీ నీ ముందు ఏడవలేదు. రేపు వెళ్లి సుజాతతో చెప్పేస్తాను అక్కా అనాలనుకున్నాను. నువ్వు కళ్లు మూసుకున్నావు. నిద్రపోతున్నావులే, రేపు చెబుదాంలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుండగా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది.

ఇన్ని నెలలుగా నన్ను తొలిచేసే ప్రశ్న ఒకటే. ఆ మాటతో నువ్వు షరతు ఎత్తేశావా? లేక ఆఖరిసారి గుర్తు చేశావా?

పదకొండో రోజు కోసం స్టేషన్ రోడ్డులో ఫ్లెక్స్ చేయించడానికి వెళ్లాను. ఆ దుకాణంలో రెడీగా ఒక మ్యాటర్ ఉంటుంది, పేరు, ఫొటో మారిస్తే సరిపోతుంది. కంప్యూటర్ మీద నీ ఫొటో కింద శాశ్వత విశ్రాంతి అని కనబడింది. నాకేమైందో తెలియదు అక్కా... ఆ మనిషి మీద అరిచేశాను. ఆ మాట తీసెయ్ అని. అందరికీ ఇదే వేస్తాం సార్ అంటూ బిత్తరపోయి చూశాడు పాపం. నీ పేరు ఒక్కటే ఉంచి మిగతాదంతా తీయించాను.

ఆ రోజు సుజాత కూడా వచ్చింది. నీ ఫొటోకు దండం పెట్టి, భోజనం చేసి, వెళ్లేముందు నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. సార్, నా రెస్ట్ అయిపోయిందా, ఎప్పటి నుంచి రమ్మంటారు, అని.

ఆ పిల్ల నిజంగానే రెస్ట్ అనుకుంది అక్కా! నేనే నమ్మని మాటను నమ్మింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నీ ఫొటో సాక్షిగా... చూద్దాం అమ్మా అన్నాను. మళ్లీ అదే మాట. ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ తర్వాత అడగలేదు.

నువ్వు లేని నుమాయిష్ వచ్చింది, పోయింది. టీమ్ రెండు టోర్నమెంట్లు ఆడింది. ప్రతి లిస్టు పెట్టినప్పుడూ సుజాత పేరు దగ్గర నా వేళ్లు ఆగేవి. పోయిన వారం పేపర్లో నీ లెక్కల టీచర్ సంగతి చదివేదాకా ఇలాగే నెట్టుకొచ్చాను. ఆ రోజు ముందుగదిలోంచి అరుపు రాకపోయేసరికి, ఇక ఆ అరుపు నేనే అరవాలని అర్థమైంది.

శనివారం షాపు మధ్యాహ్నమే మూసి బేగం బజార్ వెళ్లాను. దుకాణం నిండా పెళ్లిసామాను కొనేవాళ్లు. పైన అటక మీద నుంచి ఒకాయన డబ్బాలు, గిన్నెలు విసురుతున్నాడు, కింద సుజాత పట్టుకుంటోంది. కుడివైపు, ఎడమవైపు, చూడకుండానే పట్టేస్తోంది. నాలుగు గోల్స్ తిన్న మనిషి ఒక్క గిన్నె కింద పడనివ్వలేదు.

జనం కాస్త తగ్గాక చెప్పాను. అమ్మా, నీకు రెస్ట్ ఇవ్వలేదు, నిన్ను తీసేశాం, నీకు చెప్పే ధైర్యం లేక ఆ మాట రాశాను, అని. ఎడమ కాలి పక్కన కిందుగా వచ్చే బంతికి ఆలస్యంగా కదులుతున్నావు, అందుకే తీశాం, అని. నాలుగింటిలో రెండు నీవి కావని మా అక్క అప్పుడే చెప్పింది, అని కూడా.

సుజాత వెనక్కి తిరిగి గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. తిడితే బాగుండనిపించింది. అటు తిరిగే అడిగింది. ఇది అప్పుడే చెప్పుంటే ఇన్నాళ్లూ ఎడమవైపు ప్రాక్టీస్ చేసుకునేదాన్ని కదా సార్, నేను ఊరికే కూర్చున్నాను, అని.

నువ్వే చెప్పు అక్కా. ఆ పిల్ల పోగొట్టుకున్న ఏడాదిని ఎక్కడి నుంచి తెచ్చివ్వను?

క్షమించమని అడిగాను. కళ్లు తుడుచుకుని ఇటు తిరిగింది. ఎక్కడ ఆలస్యమవుతున్నానో చూపించండి అంది. బిందెల మధ్య నిలబడి, ఈ వయసులో, ఎడమ కాలు చాపి చూపించాను. పెళ్లివాళ్లు ఈయనకేమైందన్నట్టు చూశారు. అంత బాధలోనూ ఆమె పెదవి కొస కదిలింది. నీకు చూపించాలనిపించింది ఆ నవ్వు.

ఈ ఉదయం ప్రాక్టీస్‌కు వచ్చింది. కోచ్ సార్ వరసగా ఎడమవైపే కొట్టారు. చాలావరకు వదిలేసింది. ఆఖర్న వరసగా మూడు ఆపింది. వచ్చే మ్యాచ్‌కు ఆమె మొదటి కీపర్ కాదు, ఆ మాట కూడా ముఖం మీదే చెప్పాను. వస్తా సార్ అంది. ఇందాకే గ్రూపులో లిస్టు పెట్టాను. సుజాత, బెంచ్, అని రాశాను. బెంచీ మీద ఆమె పక్కన నేను కూర్చుంటాను. బయటికొచ్చే ప్రతి పిల్లకూ నీళ్లు నా చేత్తోనే ఇస్తాను.

ఇక నా చేత్తో ఆ మాట రాయను అక్కా. ఎవరి పేరు పక్కనా రాయను. నీ పేరు పక్కన అసలే రాయను.

రేపటి నుంచి దీపం పెట్టేటప్పుడు నీతో మాట్లాడతాను. ముందు స్కోరు చెబుతాను, తర్వాత బెంచీ సంగతి. నేను మళ్లీ చూద్దాం అంటే మాత్రం ముందుగదిలోంచి ఒక్క అరుపు అరువు.

నువ్వు రెస్ట్ తీసుకోకు.

నీ తమ్ముడు,
మేనేజర్