పదకొండో నంబరు పడితే విజిల్ వేయొద్దు

ఆగస్టు 3, ఆదివారం
పుంగనూరు గ్రౌండు. ఇక్కడ అడుగు పెడితే చాలు, ఆ పాత పెనాల్టీ గుర్తొస్తుంది. పద్నాలుగేళ్లయింది. మునిరాజు అప్పుడు పదమూడేళ్ల పిల్లోడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గోలు ముందర పడ్డాడు. నేను పెనాల్టీ ఇచ్చాను. లేచి, నిక్కరు దులుపుకొని, నన్ను చూసి కన్ను కొట్టాడు. వాణ్ని ఎవరూ తాకలేదు. గ్రౌండంతా నవ్వింది. టీ కొట్టు దగ్గర కూడా గుడ్డి రెఫరీ అన్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా తప్పయింది అనలేదు వాడు. ఇప్పుడు కుప్పం పిల్లకాయలకు వాడే కోచ్.

ఈ రోజు కుప్పానికీ పుంగనూరుకూ మ్యాచ్. విజిల్ నాది. వాడి టీములో పదకొండో నంబరు, గిరి అని, మూడుసార్లు పడ్డాడు. మూడోసారికి నాటకమాడాడని పసుపు కార్డు చూపించాను. గురువు నేర్పిన విద్య, అన్నాను మునిరాజుకు వినబడేటట్టు.
"ఆ పెనాల్టీ నీకు ఇంగా అరగలేదా గంగులప్ప మామా?" అన్నాడు వాడు.
అరగలేదు.

ఆగస్టు 4, సోమవారం
మదనపల్లెలో విజిల్ వేసే రెడ్డెప్పకు ఫోన్ చేశాను. నా దగ్గర నేర్చుకున్నవాడే. "పదకొండో నంబరు పడతాడప్పా. యాడ పడినా విజిల్ ఎయ్యొద్దు." సరే సార్ అన్నాడు. మా రెఫరీల పద్ధతి ఇదే. నాటకాలోణ్ని ఒకరు పట్టుకుంటే నంబరు మిగతావాళ్లకు చెప్పాలి. కాగితం మీద పెట్టేది లేదు. నోటిమాట. వారం తిరిగేలోపు మూడు ఊళ్లకూ తెలిసిపోతుంది.

ఆగస్టు 10, ఆదివారం
మదనపల్లెలో మ్యాచ్, కుప్పం పిల్లకాయలతో. విజిల్ రెడ్డెప్పది, గీత పక్కన జెండా నాది. సెకండాఫ్‌లో గ్రౌండు మధ్యలో గిరి పడ్డాడు. రెడ్డెప్ప విజిల్ వేయలేదు. నేను జెండా ఎత్తలేదు. మదనపల్లె పిల్లకాయలు బంతి తీసుకుపోయి గోలు కొట్టారు. వాడు ఇంకా పడే ఉన్నాడు. అప్పుడు రెడ్డెప్ప పోయి పసుపు కార్డు తీశాడు. "లేయ్ రా, సాలు యాక్షను." పిల్లకాయలు చప్పట్లు కొట్టారు.
లేచాడు. నోట్లో మన్ను.
"కండ్లు సీకట్లు కమ్మినాయి సార్..."
"అన్నం తినకుండా వస్తాడు సార్ ఈడు," అన్నాడు మునిరాజు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ దింపాడు.

ఆగస్టు 11, సోమవారం
చేతులు.
నిజంగా పడేవాడి చేతులు ముందు నేలను వెతుకుతాయి. నాటకం ఆడేవాడి కళ్లు ముందు రెఫరీని వెతుకుతాయి. ముప్పయ్యేళ్లుగా అందరికీ ఇదే చెప్పాను. నిన్న వాడి చేతులు కదల్లేదు. కళ్లు ఎవరినీ చూడలేదు. లారీ మీది నుంచి జారిన టమోటా బాక్సు మాదిరి పడ్డాడు. చుట్టూ పది గజాల్లో ఎవరూ లేరు. ఎవరూ లేనిచోట నాటకం ఎవడి కోసం?

పుంగనూరులో మొదటి రెండుసార్లు నన్ను చూస్తూనే పడ్డాడు. దొంగవేషాలే. మూడోసారి చూడలేదు. నేను కార్డు చూపించింది ఆ మూడోదానికి.

ఆగస్టు 12, మంగళవారం
రెడ్డెప్పకు ఫోన్ చేశాను. పదకొండో నంబరు మాట వెనక్కి తీసుకోవాల, తప్పు నాది, అన్నాను. తప్పు నాది అని ఇంతవరకూ ఏ గ్రౌండులోనూ అనలేదు నేను.
"ఇప్పుడు అందురికీ తెలిసిపోయింది సార్. పిల్లకాయలు వాడి మీద పాట కూడా కట్టినారు. అయినా మీరు మునిరాజు మీద కోపంతో..."
ఫోన్ పెట్టేశాను.

ఆగస్టు 13, బుధవారం
కుప్పం పోయాను. గిరి వాళ్లమ్మ సరోజమ్మ స్టేషన్ దగ్గర ఆకుకూరలు అమ్ముతుంది. చూసింది చూసినట్టు చెప్పాను. కొత్తిమీర కట్టలు కట్టడం ఆపలేదు.
"మెట్లెక్కితే ఆయాసపడతాడప్పా. వాళ్ల నాయిన కూడా ఇట్లే పడినాడు, సేన్లో. ముప్పై ఆరేండ్లకే పోయినాడు."
"మరి డాక్టరుకు సూపియ్యలేదా?"
"ఆదివారం మనోళ్లు ఆడే ఫైనల్ సూసేదానికి ఆటల హాస్టలోళ్లు వస్తాండారంట. మావోణ్ని తీసుకుంటే తిండి, సదువు అంతా వాళ్లదే. అయినాక పోదామన్నాడు కోచ్ సారు."
అయినాక.

గ్రౌండుకు పోయాను. పిల్లకాయలు ఉరుకుతున్నారు. గిరి అందరికంటే ముందున్నాడు. మునిరాజు నన్ను చూసి నవ్వలేదు. వీడి గుండెలో ఏదో తేడా ఉంది, ముందు డాక్టరుకు చూపించు, అన్నాను.
"గుండె అనే మాట హాస్టలోళ్ల సెవిన పడితే ఇంగ యాడి హాస్టలు మామా? పద్నాలుగేండ్లు నా మీద పగ పెట్టుకొని, ఇప్పుడు పిల్లోడి అన్నం మీద పడినావు. అప్పుడు నేను నీ కండ్ల ముందర పడితేనే నీకు తెలీలేదు. ఇప్పుడు నీకేం కనపడింది?"
వాడన్నదాంట్లో అబద్ధం లేదు.

నీళ్లు తాగడానికి వచ్చాడు గిరి. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఏమి తిన్నావని అడిగాను. ఏమీ తినలేదన్నాడు.
"నిజం సెప్పు రా. నువ్వే పడతాండావా?"
"ఒగోసారి నేనే పడతా తాతా. ఒగోసారి అదే పడేస్తాది. కోచ్ సారుకు సెప్పొద్దు."

ఆగస్టు 14, గురువారం
ఫైనల్‌కు విజిల్ రెడ్డెప్పది. నాకు జెండా కూడా లేదు. మీరు రెస్టు తీసుకోండి సార్, అన్నారు టోర్నమెంటువాళ్లు. గిరి పడితే విజిల్ పడదు. బంతి బయటికి పోయేదాకా ఆట ఆగదు. ఒక్కోసారి మూడు నిమిషాలు బంతి బయటికి పోదు. మూడు నిమిషాలు గుండె ఆగితే...

మధ్యాహ్నం నుంచి మునిరాజుకు ఫోన్ చేస్తున్నాను. మోగుతుంది. ఎత్తడు.

ఆగస్టు 15, శుక్రవారం
జెండా పండగ. మిఠాయి తినబుద్ధి కాలేదు.
ఈసారీ నా చూపు తప్పయితే పిల్లోడి కంచం నేను లాగేసినట్టే. సరోజమ్మ మన్నెత్తి పోస్తుంది. పోయనీ. తప్పు కాకపోతే?

సాయంత్రం మళ్లీ కుప్పం బస్సెక్కాను. మునిరాజు ఇంట్లో లేడు. ఉన్నాడేమో, తలుపు తీయలేదు. తలుపు బయట నిలబడి, వీధికంతా వినబడేటట్టు చెప్పి వచ్చాను. ఆ పిల్లోణ్ని డాక్టరుకు చూపించి, ఆడొచ్చని డాక్టరు రాసిన కాగితం నా చేతిలో పెట్టు. తీసుకుపోతావో లేదో రేపు పొద్దుగూకేలోపల బస్టాండుకొచ్చి చెప్పు, లేదంటే ఆదివారం ఫైనల్ గ్రౌండు మధ్యలో కూర్చుంటాను. హాస్టలువాళ్లకు నా నోటితో నేనే చెబుతాను. పోలీసులు వచ్చి ఎత్తాల్సిందే.

లోపల ఎవరో టీవీ సౌండు తగ్గించారు. అంతే.

రేపు కుప్పం బస్టాండులో పొద్దున్నుంచీ ఉంటాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడా, పోడా? ఒక్క మాట. శనివారం పొద్దుగూకేలోపల మునిరాజు వచ్చి చెప్పాలి.