అరంగుళం పొడుగు

రాయికోడ్,
6 జూన్ 1988

ప్రియమైన నాయినకు, నీ బిడ్డ భాగీరథి దండాలు పెట్టి రాస్తున్నది.

నేను బాగున్నాను. అమ్మ పంపిన కారప్పొడి ఇంకా సగం ఉంది. అమ్మను నా గురించి ఫికర్ చెయ్యవద్దని చెప్పు.

అసలు సంగతికి వస్తాను. ఊళ్లకు టీకాలు తీసుకుపోవడానికి మా ట్రస్టు దవాఖానకు జపాన్ మోటారు సైకిల్ ఒకటి వచ్చింది. వచ్చి నెలయింది, షెడ్డులోనే ఉంది. మా డాక్టర్ గారు పొట్టి మనిషి. ఎక్కితే మునివేళ్లు కూడా నేలకు ఆనవు. జూలై మొదటి వారం లోపల ఎవరూ నడపకపోతే బండిని ఇంకో దవాఖానకు పంపిస్తారట.

మొన్న నేను బస్సు దిగి, ఐస్ డబ్బా నెత్తిన పెట్టుకుని ఐదు మైళ్లు నడిచేసరికి లోపల అంతా నీళ్లే. మందు పారబోశాను. పదకొండు మంది తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "మల్లొస్తే నేను రాను పో, నా కూలి పోతది" అన్నది ఒకామె. ఏడుపొచ్చింది నాయినా.

ఈ బండికి వెనక చక్రానికి అటొకటి ఇటొకటి షాకబ్జర్లు లేవు. సీటు కింద మధ్యలో ఒక్కటే ఉంది. దాని అడుగున రెండు ఇనుప లింకులు బోల్టులతో బిగించి ఉన్నాయి. వాటిని మారిస్తే సీటు కిందికి దిగుతుందని సైకిల్ షాపు సిద్దప్ప అంటున్నాడు కానీ ఎట్ల మార్చాలో ఆయనకు తెలియదు. అంతా బొమ్మ గీసి, లింకును కాగితం మీద పెట్టి కొలత దింపి పంపుతున్నాను. డాక్టర్ గారి కాలి కొలత దారం కూడా పెట్టాను, నడుము నుంచి మడమ దాకా.

నువ్వు మాత్రం రావద్దు. తన పొట్టితనం గురించి ఎవరైనా మాట్లాడితే డాక్టర్ గారికి సిగ్గు.

నీ బిడ్డ,
భాగీరథి


జహీరాబాద్,
11 జూన్ 1988

నా బంగారు బిడ్డ భాగీరథికి నాయిన దీవెనలు.

కండక్టర్ బస్వరాజ్ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. ఒక్క షాకబ్జర్ పెట్టి రెండోది జపానోడు ఇంట్లో దాచుకున్నాడా ఏం? ముప్పై ఏండ్లుగా బండ్లు విప్పుతున్నాను, ఇట్లాంటి వేషం చూడలేదు.

నీ బొమ్మ ముందు పెట్టుకుని, రేకు ముక్కలు కోసి, చెక్క మీద మేకులతో బిగించి, ఒక పూటంతా అటూ ఇటూ ఆడించి చూశాను. పక్క దుకాణం ఇనాయత్ వచ్చి, "క్యా మాణిక్ భాయ్, గీ వయసుల బొమ్మలాట షురూ జేసినవా?" అన్నాడు. చాయ్ తాగించి పంపాను.

సీటు దిగాలంటే లింకు కురచ కావాలి. ఇందులో పెద్ద చదువేముంది? పావు అంగుళం కురచగా రెండు చేసి పంపుతున్నాను. సిద్దప్పతో బిగించు. అప్పటికీ కాళ్లు అందకపోతే డాక్టర్ గారిని ఆ బండి జోలికి పోవద్దని చెప్పు. మనిషి ముఖ్యం గానీ బండి ఏం ముఖ్యం?

నువ్వు పంపిన దారాన్ని మీ అమ్మ తన కుట్టుపెట్టెలో దాచుకుంది. ఎందుకని నేను అడగలేదు.

మీ నాయిన,
మాణిక్


రాయికోడ్,
15 జూన్ 1988

ప్రియమైన నాయినా,

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. సీటు దిగలేదు, లేచింది! సిద్దప్ప రెండు చేతులతో నొక్కి నొక్కి చూసి, "ఇదేందమ్మా, పుంజు లెక్క నిక్కుతున్నది" అన్నాడు.

అయినా డాక్టర్ గారు ఎక్కారు. షెడ్డు ముందు బండరాయి మీద కాలు పెట్టి ఎక్కి, ఇరవై గజాలు పోయి, ఆపబోతే కాలు అందక పక్కనున్న దున్నిన చేలో పడ్డారు. ఒళ్లంతా మట్టి. మా ఆయా నర్సమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. కుడి మోచేయి బాగా గీరుకుపోయింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఏమీ అనుకోకు.

ఆ సాయంత్రమే మళ్లీ ఎక్కారు. తెల్లారీ ఎక్కారు. ఇప్పుడు రోడ్డు దాకా పోయి వస్తున్నారు. చిక్కల్లా ఒకటే, ఆగాలంటే తిరిగి ఆ బండరాయి పక్కకే రావాలి. దారి పొడుగునా బండరాళ్లు ఎవరు వేయిస్తారు? గడువు మూడు వారాలే ఉంది. నీ ముప్పై ఏండ్ల చెయ్యి ఎట్ల తప్పింది నాయినా?

నీ బిడ్డ,
భాగీరథి


జహీరాబాద్,
20 జూన్ 1988

బిడ్డా,

తప్పు నాదే. లింకు కురచ కాదు, పొడుగు కావాలి. అది పొడుగైతే వెనక చక్రం పైకి పోతుంది, సీటు కిందికి వస్తుంది. అరంగుళం పొడుగున్నవి పంపుతున్నాను. మందపు ఇనుము. అంచులన్నీ చేత్తో రుద్దాను.

బిగించినాక ఇద్దరు కూర్చుని గట్టిగా ఊగి చూడాలి. టైరు మడ్‌గార్డుకు తగలకూడదు. చైను బిగువు చూడాలి. బండి దిగుతుంది కాబట్టి సైడు స్టాండు పొడుగైపోతుంది, నిలబెడితే అవతలి పక్కకు పడుతుంది. దాన్ని బొటనవేలి మందం కోయించు.

మళ్లీ పడేటట్టుంటే బండిని వదిలెయ్యమను, పట్టుకుని వేలాడవద్దను. బండిని నేను బాగు చేస్తాను.

మోచేతికి పసుపు పెట్టమను.

మీ నాయిన


రాయికోడ్,
2 జూలై 1988

ప్రియమైన నాయినా,

రెండు కాళ్లూ నేలకు ఆనినయ్! నా కాళ్లు నాయినా, డాక్టర్ గారివి కావు. ఆయన ఆరడుగుల మనిషి, మోటారు సైకిల్ చప్పుడు వింటేనే భయపడతాడు. బండి నడుపుతున్నది నేను. చేలో పడ్డదీ నేనే.

నిన్న పొద్దున ఐస్ డబ్బా వెనక కట్టుకుని మళ్లీ ఆ ఊరికే పోయాను. మూత తీస్తే ఐస్ గడ్డ గడ్డగానే ఉంది. ముప్పై నాలుగు మంది పిల్లలకు టీకాలు వేశాను. అందరూ ఒక్కసారి ఏడుపు అందుకుంటే నాకు మాత్రం మేళం విన్నట్టే ఉంది. రాను పొమ్మన్న ఆమె కూడా వచ్చింది. పిల్లను నా చేతిలో పెట్టి, సీటు తడిమి చూసి, "కింద పడవా అమ్మా?" అని అడిగింది. "పడ్డ. మల్ల లేసిన" అన్నాను.

బండి ఇక ఇక్కడే ఉంటుందని ట్రస్టు వాళ్లు రాసిచ్చారు.

అబద్ధం చెప్పినందుకు నన్ను తిట్టు నాయినా, పడతాను. పదేండ్లప్పుడు నీ దుకాణంలో ఆపిన బండెక్కి కూర్చుంటే రెక్క పట్టుకుని దింపావు. అప్పటి నీ చూపు గుర్తుకొచ్చి నిజం చెప్పడానికి భయమేసింది.

నీ బిడ్డ,
భాగీరథి


జహీరాబాద్,
6 జూలై 1988

నా తల్లి భాగీరథికి,

ముప్పై నాలుగు మంది పిల్లల సంగతి ఇనాయత్‌కు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారికి లేచిపోయాడు.

నీ సంగతి నువ్వు చెప్పావు. ఇప్పుడు నాది విను.

మొదటి ఉత్తరంలోంచి దారం కింద పడగానే మీ అమ్మ తీసి సాగదీసి చూసింది. "డాక్టరు లేడు గీక్టరు లేడు. గిది నా బిడ్డ పైజామా కొలత. నేను కుట్టిన, నాకు తెల్వదా?" అన్నది. అందుకే దాచుకుంది. బండి ఎవరికోసమో ఆ రోజే నాకు తెలుసు.

మొదటి జత తప్పు కాదు బిడ్డా. రేకు ముక్కలు ఆడించినప్పుడే, కురచదైతే సీటు లేస్తుందని నాకు తెలిసింది. తెలిసే చేశాను. ఎక్కలేక మానుకుంటావనుకున్నాను. నువ్వు మానలేదు, పడ్డావు. ఆ వంకర అక్షరాలు చూసినాక ముద్ద దిగలేదు. మీ అమ్మకు చెప్పేశాను. "కాళ్లు అందకుంట జేసింది నువ్వు, పడ్డది నా బిడ్డ. జల్దీ పొడుగుయి జెయ్" అని, మూడు రోజులు నాతో మాట మానేసింది.

చిరాగ్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డు మీద ఏ బండి పడ్డా నా దుకాణానికే తెస్తారు. వంగిన హ్యాండిళ్లు, నెత్తురంటిన సీట్లు, ముప్పై ఏండ్లుగా ఇవే చూస్తున్నాను. క్షేమంగా ఇల్లు చేరిన బండి నా దగ్గరికి రాదు కదా. అందుకే ఆనాడు నిన్ను రెక్క పట్టుకుని దింపాను. అందుకే ఈ పని కూడా చేశాను. సిగ్గుగా ఉంది. నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా.

మీ నాయిన,
మాణిక్


రాయికోడ్,
9 జూలై 1988

నా పిరికి నాయినకు,

కోపం వచ్చింది. ఒక పూట అన్నం మానేద్దామనుకున్నాను, నర్సమ్మ చింతచిగురు పప్పు చేసింది, మానలేకపోయాను. తింటుండగానే కోపం పోయింది.

టీకా మందు తెచ్చుకోవడానికి బుధవారం జహీరాబాద్ వస్తున్నాను, బండి మీదే. అమ్మకు ముందే చెప్పు. పదకొండింటికి నీ దుకాణం ముందు ఆపి, రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడతాను. పానాలూ సుత్తులూ లోపల పెట్టు.

రిపేరేమీ లేదు నాయినా. క్షేమంగా చేరిన బండిని నీకు చూపించి పోదామని వస్తున్నాను.

నీ బిడ్డ,
భాగీరథి