నా స్కూటర్ అమ్మే ముందు

గ్లెనిస్,

నా నాలుగు చక్రాల కరెంటు స్కూటర్‌లోంచి తీసిన పాత బ్యాటరీ పెరట్లో గచ్చు మీదుంది, ఉబ్బిపోయింది. ముట్టుకోకు, ఛార్జింగ్ అసలు పెట్టకు. బ్యాటరీ కొట్టువాళ్లు మధ్యాహ్నం వచ్చి పట్టుకుపోతారు. ఇకనుంచి స్కూటర్‌ని గుమ్మానికి అడ్డంగా కాకుండా షెడ్డులో ఛార్జింగ్ పెడదాం. నిప్పంటుకుంటే మనం బయటపడే దారి ఉండాలి కదా.

నిన్న డాక్టరు ముందు "అమ్మ ఇక బయట తిరగదు, స్కూటర్ అమ్మేస్తాం" అనేశావు. నన్నొక్క మాట అడిగావా తల్లీ? పాడైంది బ్యాటరీ, నేను కాదు. కొత్తది వేయించాను. ఆ స్కూటర్ మీదే సముద్రం గట్టుకి, మా బృందంతో పాడటానికి పోతున్నాను. వానొచ్చినా వెనక్కి రాను.

అమ్మ

చేపముక్కలు, బంగాళదుంపలు ఓవెన్‌లో ఉన్నాయి, వేడిగా తిను. కోపం తగ్గితే గట్టు మీదికి రా. నా గొంతు నీకు దూరం నుంచే వినబడుతుంది.