కోతల పండుగ రోడ్డు మీద జరిగింది

మా పెద్దక్క రాహేలుకు,

చెల్లెలు సుగుణ చేతులు జోడించి చేస్తున్న వందనాలు. దేవుడి దయవల్ల ఇక్కడ నేను, మీ మరిది, పిల్ల లేచి తిరుగుతున్నాం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలు పుస్తకం పట్టుకుంటున్నారా, టీవీ ముందే కూర్చుంటున్నారా? అన్నిటికీ విడివిడిగా జవాబు రాయి. అందరం బాగున్నాం అని ఒక్క ముక్కలో తేల్చేయకు.

ఇదంతా ఫోనులో ఎందుకు చెప్పలేదని కోప్పడతావేమో. ఫోను తీస్తే మీ మరిది వచ్చి పక్కనే కూర్చుంటారు. నేను ఎవరినైనా ఒక మాట అనగానే "ప్రార్థన చేద్దాం సుగుణా" అంటారు. ఆయనకు ఎవరి మీదా కోపం రాదు. ఆయన వాటా కోపం కూడా నేనే పడాల్సి వస్తోంది.

సిద్దిపేట దగ్గరున్న ఈ పల్లెకు మేం వచ్చి డిసెంబరుకు ఏడాది నిండుతుంది. మీ మరిదిని పాస్టరుగా ఒక్క ఏడాదికే పెట్టుకున్నారని నీకు తెలుసు. కోతల పండుగ నాడు సిద్దిపేట నుంచి పాస్టర్లందరికీ పైవాడైన పెద్దయ్యగారు వచ్చి, సంఘం పెద్దలతో మాట్లాడి, మమ్మల్ని ఉంచాలో పంపాలో తేలుస్తారని ముందే చెప్పారు. పైగా తెలంగాణ ఉద్యమం. ఏ గోడ చూసినా ఆంధ్రోళ్లు పోవాలనే రాతలే. బడిలో పిల్లను ఎవరూ ఏమీ అనలేదు గానీ, నాకు మాత్రం రోజూ గుండెల్లో దడ. మనూళ్లో అందరి ముందు సేవకు వెళ్తున్నామని గొప్పలు పోయి వచ్చినదాన్ని. మళ్లీ సామాను కట్టుకుని ఏ ముఖం పెట్టుకుని రాను?

ఇక్కడ చలి ఎక్కువ. ఉదయం నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. జొన్నరొట్టె తిని తిని దవడలు గట్టిపడ్డాయి. గోంగూరను వీళ్లు పుంటికూర అంటారు. పేరు మారిస్తే మార్చారు, దాంతో మన పచ్చడి నూరే మనిషి ఒక్కరు లేరు. మా గురించి బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాం.

ఇక పాటల సంగతి. ఇక్కడి పాట వింటే నాన్న సమాధిలోంచి లేచి వస్తాడక్కా. పన్నెండు మంది ఆడవాళ్లు, పన్నెండు శ్రుతులు. పాటల పుస్తకం ఎవరూ తెరవరు. సువార్తమ్మ అని పొలం కూలికి పోయే ఆవిడ ఒక చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఆవిడ తప్పు ఎత్తుకుంటే ఆ తప్పునే మహా భక్తితో పాడతారు. మనసైతే ఒకే చరణం నాలుగుసార్లు. చప్పట్లు కొట్టుకుంటూ, బతుకమ్మ ఆడినట్టు చుట్టూ తిరుగుతూ పాడతారు. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు, కాళ్లు నొప్పి పుడితే ఆపుతారు.

వీళ్లందరినీ మించినవాడు డప్పు కొట్టే ముసలాయన. బాప్తిస్మం పేరు యోహాను. ఊరు ఊరంతా ఎల్లయ్య అంటుంది, ఆయనా ఎల్లయ్య అంటేనే పలుకుతాడు. ఆరాధనకు ముందు గుడి వాకిట్లో గడ్డి మంట వేసి, తోలు బిగిసేలా డప్పు కాపేవాడు. పొగంతా లోపలికే. మేం వచ్చిన మొదటి ఆదివారం నా కళ్లు మండి నీళ్లు కారుతుంటే, "అమ్మగారికి ఎంత భక్తో సూడుండ్రి, పాట సురువు గాకముందే ఏడుస్తుంది" అని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు.

రెండో వారమే చెప్పేశాను, డప్పు గుడిలోకి రావడానికి వీల్లేదని. సువార్తమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. "డప్పు లేకుంట పాటేందమ్మా, ఉప్పెయ్యని అంబలి లెక్క" అంది. ఉప్పు తగ్గిస్తే ఒంటికి మంచిదన్నాను. నాది పొగరనుకున్నారు. నీకు తెలుసు కదా, మనూళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకుపొమ్మని, మనిషి చస్తే డప్పు పట్టుకుని రమ్మని తాతకే కబురొచ్చేది. నాన్న హార్మోనియం నేర్చుకుని గుడిలో కూర్చున్నాకే ఆ పిలుపు ఆగింది. ఇక్కడివాళ్లు దాన్ని తెచ్చి బలిపీఠం పక్కన నిలబెడితే నాకు ఒళ్లు మండదా?

పండుగ కోసం పుస్తకంలోంచి ఒక్క మంచి పాట ఏరి, మూడు నెలలు హార్మోనియం మీద నేర్పాను. నోరంతా తెరవమంటే సిగ్గుపడ్డారు, సన్నగా పాడమంటే గొణిగారు. చివరికి పెద్దయ్యగారి ముందు తలెత్తుకోగలిగినంత మాత్రం వచ్చింది.

పండుగ రోజు తెల్లవారకముందే లేచి మక్కకంకులు, వరికంకులు, గుమ్మడికాయలు గుడిలో సర్దాను. పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకున్నాను. పది దాటింది, ఒక్కరు రాలేదు. గుడిలో నేను, మీ మరిది, పిల్ల, ఎవరో కానుకగా తెచ్చి కాలు కట్టి వదిలిన కోడిపెట్ట. తర్వాత తెలిసింది, ముందు రోజు సాయంత్రమే ఊరంతా కూడి మర్నాడు రోడ్డు మీద వంటావార్పు పెట్టాలని తీర్మానించుకున్నారట. బండ్లు ఆపేసి, రోడ్డు మీదే వండుకుని తిని నిరసన చెప్పడం. పెద్దయ్యగారి జీపును కూడా అక్కడే ఆపేశారని కబురు. పండుగను పొయ్యిలో పెట్టి ఊరేగే జనం ఎక్కడైనా ఉంటారా? నోటికొచ్చినట్టు తిట్టాను. "వాళ్లు రాకపోతే మనమే వెళ్దాం పద" అన్నారు మీ మరిది.

వెళ్లేసరికి రోడ్డు పొడుగునా మూడేసి రాళ్ల పొయ్యిలు, గుండిగల్లో అన్నం. నొసట పసుపు పూసుకున్న కొమురవెల్లి మల్లన్న భక్తులు, చాయ్ దుకాణం పాషాభాయి, మన సంఘం వాళ్లు అందరూ ఒకే బంతిలో కూర్చున్నారు. పెద్దయ్యగారు చాప మీద కూర్చుని విస్తట్లో పప్పన్నం కలుపుకుంటున్నారు. ఎల్లయ్య అన్నం పొయ్యి దగ్గరే డప్పు కాపుకుని దరువు అందుకున్నాడు. సువార్తమ్మ ఎత్తుకుంది. నేను నేర్పిన పాట కాదు. కోసి కట్టిన మొదటి పన దేవుడికి ఇచ్చేటప్పుడు పాడుకునే వాళ్ల కోతపాట. పన్నెండు మంది గుండిగ చుట్టూ తిరుగుతూ పాడుతుంటే, రోడ్డంతా చప్పట్లు. శ్రుతి అప్పుడూ లేదు, అబద్ధం చెప్పను. కానీ నా ఒళ్లు జలదరించింది. చలి అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం చలేమిటని నువ్వు అడుగుతావు.

పాట ఆగగానే పెద్దయ్యగారు "గీ పాట పుస్తకంల లేదు గదా, ఎవరు నేర్పిన్రు?" అన్నారు. ఆలోపే మెడలో ఉద్యమ కండువా వేసుకున్న ఒకతను నన్ను ఎగాదిగా చూసి, "గీమె ఆంధ్రామె గదా, గీడికెందుకొచ్చింది?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను మీ మరిది వెనక్కి జరిగాను.

సువార్తమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ, "గీ పాట మాకు నేర్పింది మా అమ్మగారే. నేర్పినామె రాకుంటె ఎట్ల?" అంది.

ఆ కండువా అతను "గట్లనా" అని పక్కకు జరిగి, నా చేతికి విస్తరి అందించాడు. పెద్దయ్యగారు సంతోషపడిపోయి, "నిజమేనామ్మా? డప్పు మీద గింత మంచిగ కట్టినవా?" అని అడిగారు.

అవునండీ అన్నాను.

మరో మాట నోటికి రాలేదని చెప్పను అక్కా. వచ్చింది, మింగేశాను. పెద్దయ్యగారు అక్కడికక్కడే సంఘం పెద్దలతో, "గీ కుటుంబాన్ని పోనియ్యకుండ్రి" అన్నారు. మా సంగతి అలా తేలింది. నేను ఎవరి పాటనైతే ఏడాదంతా ఈసడించానో, ఆ పాట మీదే నా ఇల్లు నిలబడింది. ఆ ముసలాయన డప్పు చంకలో పెట్టుకుని, నాకు దండం పెట్టి వెళ్లాడు. ఇంతకంటే నీచం నా జన్మలో చేయలేదు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు సువార్తమ్మ ఇంటికి వెళ్లాను. మక్కకంకులు ఒలుస్తోంది. నా కోసం నువ్వు అబద్ధమాడావు, దాన్ని నేను నిజం చేసేశాను, నన్ను క్షమించు అన్నాను. ఆవిడ నన్ను కావలించుకుంటుందని, ఇద్దరం ఏడుస్తామని దారి పొడుగునా ఊహించుకుంటూ వెళ్లాను మరి.

ఆవిడ ఒలవడం ఆపలేదు.

"మీ కోసమని ఆడలే అమ్మగారు. గిప్పటికి నలుగురు అమ్మగార్లను జూసినం. ఒకామె సప్పట్లు బంద్ జేసింది. ఒకామె సుట్టు తిరుగుడు బంద్ జేసింది. మీరొచ్చి డప్పు బంద్ జేసిన్రు. మీరు పోతె ఇంకొకామె వస్తది, ఆమె ఇంకేం బంద్ జేస్తదో ఎవరికెరుక? మీరైతె మాకు అలవాటైన్రు."

అని, నా ముందుకు చాట జరిపి, "ఊకె కూసుంటరేంది, రెండు కంకులు ఒలువుండ్రి" అంది. వేళ్లు బొబ్బలెక్కేదాకా ఒలిచాను.

ఈ సంగతి మీ మరిదికి ఇంకా చెప్పలేదు. ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, అది వాళ్ల పాటేనని సంఘం ముందు చెబుదామనుకుంటున్నాను. పెద్దయ్యగారికి కూడా ఉత్తరం రాస్తాను. ఆ తర్వాత ఉంచుతారో, పంపుతారో.

వీలైతే గోంగూర పచ్చడి మూత గట్టిగా బిగించి పంపు, పండుమిరపకాయది కూడా. ఈ ఉత్తరం మనూరి గుడిలో ఎవరికీ చదివి వినిపించకు. బావగారికి నా వందనాలు, పిల్లలకు ముద్దులు, పిన్నికి బాబాయికి నా నమస్కారాలు. నీ దీవెన నాకు ఎప్పుడూ కావాలి. ప్రార్థనలో మమ్మల్ని మరువకు. కానీ ముందు ఇక్కడివాళ్ల కోసం ప్రార్థించు. నన్ను భరించే ఓపిక వాళ్లకు ఇంకొన్నాళ్లు ఉండాలని.

నీ చెల్లెలు,
సుగుణ