విజిల్ ఆంటీ

జూన్ 3

కొత్త పని నెత్తిన పడింది. ఊళ్లో మూతబడ్డ రెండు స్విమ్మింగ్ పూల్స్ గురించి జనం జ్ఞాపకాలు సేకరించి మా లైబ్రరీ చిన్న పుస్తకం వేస్తుందట. నువ్వు ఈత నేర్చుకున్నది అక్కడేగా, నువ్వే చూడు అన్నారు మా మేడమ్. సరేనన్నాను. గొంతులోకి క్లోరిన్ నీళ్లు వెళ్లినట్టయింది.

జూన్ 9

పదిహేడు ఉత్తరాలు. డైవింగ్ బోర్డు మీద వణికి మెట్ల మీంచే దిగిపోయినవాళ్లు, లాకర్ తాళంచెవి పోగొట్టుకుని తడిబట్టలతో ఇల్లు చేరినవాళ్లు. ఒక జంట మొదటిసారి చూసుకున్నది ఈత టోపీల్లోనట. చదువుతూ నవ్వుకున్నాను. నాది మాత్రం రాయలేదు.

జూన్ 14, మధ్యాహ్నం 3

ఆవిడ వచ్చింది.

పెద్ద పూల్‌లో ఆడపిల్లల బ్యాచ్ చూసుకునే అటెండెంట్. మెడలో ఎప్పుడూ విజిల్ ఉండేది. విజిల్ ఆంటీ అనేవాళ్లం. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. తనకు రాయడం రాదని, చెబుతుంటే రాసుకోమని అంది.

రాసుకున్నాను. ఒక సాయంత్రం పూల్ మూసేశాక పన్నెండేళ్ల పిల్ల లోతులో మునిగిపోతుంటే, కట్టుబట్టలతో దూకి బయటికి లాగిందట. గేటు తీసే ఉందని పిల్ల చెప్పింది. తండ్రి పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. ఆవిడ ఉద్యోగం ఊడింది.

“గేటు వేసినట్టే గుర్తు. కానీ చావు తప్పించుకున్న పిల్ల అబద్ధమెందుకు చెబుతుందమ్మా? నేనే మర్చిపోయుంటాను.”

అప్పట్నుంచి ఇంటికి తాళం వేస్తే మూడుసార్లు లాగి చూస్తుందట.

నా చెయ్యి ఆగిపోయింది. పెన్ను రాయట్లేదా అని అడిగింది. అవునన్నాను. మళ్లీ అబద్ధం.

జూన్ 15

గేటు వేసే ఉంది. నేనే గోడెక్కి దూకాను. నాన్న తంతారని నోటికొచ్చింది చెప్పాను. ఆ భయం వారంలో పోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు నోరు విప్పకపోవడానికి ఏ సాకూ దొరకడం లేదు.

జూన్ 16

జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు.

జూన్ 19

ఆవిడ ఇంటికి వెళ్లాను. రెండు గదుల వాటా. కుర్చీ వేసింది. కూర్చోలేకపోయాను. ఆ పిల్ల నేనేనన్నాను. గోడ సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“మా ఆయన పోయేదాకా నన్ను మతిమరుపుదానా అనే పిలిచాడు. సరదాకే. నేనూ నవ్వేదాన్ని.”

మీ నాన్నకు చెప్పావా అని అడిగింది. లేదన్నాను. ముందు ఆయనకు చెప్పమంది. గుమ్మం దాకా రాలేదు.

జూన్ 20

నాన్నకు చెప్పాను. టీవీ కట్టేశారు. లేచి చెప్పులేసుకున్నారు. ఆవిడ ఇల్లెక్కడని అడిగారు.