ఏ మైనరు? ఈ మైనరే!

రాజుపాలెం,
జూన్ 3.

ప్రభువునందు మేనల్లుడు బెంజిమిన్‌కు కరుణమ్మ అత్త దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేయక ఉత్తరమేంది అనుకుంటావేమో. నేను ఫోన్ ఎత్తగానే మా కోడలు ఏదో పనున్నట్టు పక్కకొచ్చి నిలబడుతుంది. కాగితానికైతే చెవులుండవు.

ఈ నెలాఖరు ఆదివారం నీకూ నా కూతురు నిరోషకూ ప్రధానం చేద్దామని మీ నాన్న తొందరపడుతున్నాడు. తమ్ముడి మాట కాదనను. కానీ క్రిస్మస్‌కు తప్ప మందిరం మెట్లెక్కని వాడికి పిల్లనెలా ఇచ్చేది? ఆ రోజు సంఘం ముందు ఒక ఆరాధన పాట నువ్వే పాడాలి. కొత్త పాటే కావాలి, నిరోషకు అవే ఇష్టం. పాడితే ప్రధానం, లేకపోతే లేదు.

నీ మీద ప్రత్యేకంగా అనుమానం లేదు. అందరి మీదా ఉన్నదే నీ మీదా ఉంది.

ఇట్లు,
నీ మేనత్త కరుణమ్మ.

తా.క. ఫోన్‌లో పాట పెట్టి పెదాలు కదిలిస్తే నాకు తెలిసిపోతుంది.

వినుకొండ,
జూన్ 9.

అత్తకు బెంజిమిన్ వందనాలు.

పాట మొదలుపెట్టాను. ఎరువుల కొట్టు కట్టేయగానే మందిరానికి పోయి, కీబోర్డు వాయించే శౌరన్న దగ్గర కూర్చుంటున్నాను. ఈ మైనరుతో చచ్చే చావుగా ఉంది. నాలుగు రోజులైనా నాకు లొంగడం లేదు. మేజరైతే సులువు కదా అన్నాను. "మేజరైతే కుదరదు తమ్ముడూ, మైనరే కావాలి" అంటాడు శౌరన్న. నిరోష కోసం ఏదైనా ఓర్చుకుంటాను.

ఇట్లు,
నీ మేనల్లుడు.

తా.క. ఈ మైనరు సంగతి నిరోషకు చెప్పొద్దు. ప్రధానం రోజు ఒక్కసారిగా తెలిసి ఆశ్చర్యపోవాలి.

రాజుపాలెం,
జూన్ 14.

బెంజిమిన్‌కు. దీవెనల సంగతి తర్వాత చూద్దాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏ మైనరురా? ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా? మీ పాస్టరు గారికి తెలుసా? బయటపెట్టి రాయలేను, ఈ కవరు పోస్టులో వేసేది మా కోడలే. నువ్వే అర్థం చేసుకుని జవాబు రాయి.

ఇక్కడ నిరోష ప్రధానం చీర రంగు ఎంచుకుంటోంది. దాని ముఖం చూస్తుంటే నాకు అన్నం సహించడం లేదు.

ప్రస్తుతానికి నీ అత్త,
కరుణమ్మ.

తా.క. ఆ శౌరి ఎవరి తాలూకు మనిషి?

వినుకొండ,
జూన్ 18.

అత్తకు వందనాలు.

ఇంత శ్రద్ధగా అడుగుతావనుకోలేదు, చానా సంతోషం. ఏ మైనరు కాదత్తా, ఈ మైనరే. మొదట ఏ మైనరే అనుకున్నాం, అది నాకు మరీ కిందకి ఉంది. బీ మైనరేమో పైన ఉంది, నాకు అందదు. పాస్టరు గారికి అన్నీ తెలుసు. ఈ మైనరు ఖాయం చేసింది ఆయనే. శుక్రవారం సంఘపెద్దలు కూడా వచ్చి కూర్చున్నారు, చప్పట్లు కొట్టారు.

ఇట్లు,
బెంజిమిన్.

తా.క. శౌరన్న మంచోడు. ఇట్లాంటివి ఎంతమందికో కుదిర్చాడు.

రాజుపాలెం,
జూన్ 25.

అల్లుడు బెంజిమిన్‌కు అత్త దీవెనలు.

నీ ఉత్తరం చూడగానే మా వీధి జైనాబ్ బీని నిలదీశాను, వినుకొండలో ఉన్న ఆ బీ మీ చుట్టమేనా అని. ఆమె ఇంకా నాతో మాట్లాడటం లేదు. మొన్న నీకు చెప్పకుండా బస్సెక్కి, నరసరావుపేటలో మారి, మధ్యాహ్నానికి మీ మందిరం చేరాను. శౌరి ఒక్కడే ఉన్నాడు.

"మైనరును బయటికి పిలువయ్యా, నేను చూడాల" అన్నాను.

"ఏ మైనరమ్మా?"

"ఏ కాదు, ఈ!" అని కేకేశాను.

అతను కీబోర్డు మీద మూడు మెట్లు ఒక్కసారే నొక్కాడు. "ఇదేనమ్మా ఈ మైనరంటే" అన్నాడు. ఏ, బీ, ఈ అన్నీ ఇంగ్లీషు అక్షరాలట, పాట శ్రుతికి పేర్లట, మైనరూ మేజరూ వాటిలో రకాలట. నేనేమో వయసు రాని పిల్లెవరో అనుకున్నాను, సిగ్గుతో చచ్చిపోయాను.

నా సిగ్గు పోగొట్టడానికి కాబోలు, పాట మొత్తం వాయించాడు. నిరోష ఇంట్లో పాడుకునేదే, వెనకాలే నేనూ అందుకున్నాను. "గొంతు చక్కగా కుదిరిందమ్మా" అన్నాడు. ముప్పై ఏళ్లుగా మా సంఘంలో నన్నెవరూ పాడమని అడగలేదురా. ఏడుపొచ్చింది.

తర్వాత నువ్వు పాడింది ఫోన్‌లో వినిపించాడు. నా కూతురి కోసం ఎంత అవస్థ పడ్డావో అందులో బాగా వినిపించింది. పిల్లనివ్వడానికి అది చాలు. ప్రధానం ఆదివారమే.

ఇట్లు,
నీ అత్త కరుణమ్మ.

తా.క. ఆదివారం ఆ పాట నేను పాడుతున్నాను. పిల్లనడుగు, ఇస్తాను. పాట మాత్రం అడక్కు.