ఆగిన బస్సు ఎక్కలేదు

భోగాపురం, ఆదివారం

అన్నయ్యా,

బొబ్బలెక్కిన కాళ్లు తప్ప మిగతా నేనంతా కులాసా. వెన్నుపాము గాయాల పరిశోధనకి విరాళాల కోసం పెట్టిన ఇరవయ్యొక్క కిలోమీటర్ల పరుగు పూర్తి చేశాను. మొదటిసారి కదా, బాగా వెనకబడి ఒక్కదాన్నే పరిగెడుతుంటే ఓ బస్సు ఆగింది.

"నీకోసమే ఆపినానమ్మా, ఎక్కు," అన్నాడు డ్రైవరు.

ఎక్కకూడదన్నాను. లారీ తోలే మా అన్న వెన్ను దెబ్బతిని మంచాన పడ్డాడని, అతని కోసమే ఈ పరుగని చెప్పాను.

"అలగైతే పరిగెత్తు తల్లీ, ఎనకాల నానొస్తాను," అని మలుపు దాకా హారన్ కొడుతూ వచ్చాడు. బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు.

నీ చక్రాల కుర్చీ మీద అమ్మ ఇంకా బట్టలే ఆరేస్తోందా? తీయించి కూర్చో. వచ్చే ఏడు చక్రాల కుర్చీలకీ పందెం ఉందట, నీ పేరు ఇచ్చేశాను. అమ్మకి, వదినకి నా దండాలు. నువ్వు మాత్రం ఎంత హారన్ కొట్టినా సైడివ్వను.

నీ చెల్లి
శైలజ